బావ పాటకు మిగిల్చిన టేపు

పాటల క్యాసెట్టు నింపించుకోవడంలో నాకొక పద్ధతి ఉండేది. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు మీద ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలని రాసి ఉంటుంది. నిజానికి అది ముప్ఫై నిమిషాల నలభై సెకన్లు తిరుగుతుంది. ఎవరో చెప్పింది కాదు, చేతి గడియారం చూసుకుంటూ నాలుగు క్యాసెట్లు తిప్పి తెలుసుకున్నది. ఇల్లందులో పాత సినిమా పాటలు రికార్డు చేసి ఇచ్చే దుకాణానికి అందరూ పాటల పేర్లు మాత్రమే రాసుకుని వచ్చేవారు. నేను ప్రతి పాట పక్కన దాని నిడివి రాసి, కింద గీత గీసి, మొత్తం కూడి ఇచ్చేవాణ్ణి. మిగతావాళ్ళ క్యాసెట్లలో చివరి పాట సగంలో తెగిపోయేది. నా క్యాసెట్లలో తెగిన పాట ఒక్కటీ లేదు. దుకాణం ఆయన నా చీటీని పదిమందికి చూపించేవాడు.

"గిట్ల రాసుకరండి. నాకు తిట్లన్న తప్పుతయ్," అనేవాడు.

నేను చదివింది ఐదో తరగతి. లెక్క మాత్రం దుమ్ముగూడెం వైపు తునికాకు కల్లాల్లో నేర్చుకున్నాను. యాభై ఆకులకు ఒక కట్ట. కట్టలను వరసలుగా పేర్చి ఎండబెడతారు. ఒక చివర నిలబడి చూసి ఎన్ని కట్టలున్నాయో చెప్పేవాణ్ణి. కొన్నేళ్ళకు గుత్తేదారు మనుషులు మళ్ళీ లెక్కపెట్టడం మానేశారు. గొప్పకు చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పని లెక్క తెలియక చేసింది కాదని ముందే చెప్పాలి కదా.

నా భార్య అక్క భర్త ఇల్లందు బొగ్గు గనిలో పనిచేసేవాడు. మా వైపు సడ్డకుడు అంటారు, కాస్త కిందికి వెళ్తే తోడల్లుడు అంటారు. ఆయన గొంతు మంచిదని అందరికీ తెలుసు. నా గొంతు ఎలాంటిదో నా పెళ్ళినాడే అందరికీ తెలిసింది. కొత్త అల్లుడు గడప దాటాలంటే మరదళ్ళు అడ్డం నిలబడి పాట పాడమంటారు. అంతకు రెండేళ్ళ ముందు అదే గడపలో ఆయన పాట పాడితే ఇంకొకటి పాడమని మళ్ళీ అడ్డం నిలబడ్డారట. నాకు ఒక్క పాటా గొంతులోకి రాలేదు. చివరికి పందొమ్మిదో ఎక్కం చెప్పాను. ఒక్క తప్పు కూడా లేకుండా పది దాకా చెప్పాను. పక్కనున్న పెళ్ళికూతురు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇరవై ఏళ్ళైనా అత్తగారింట్లో ఆ నవ్వు ఆగలేదు.

నేను చెప్పేది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. ఆకు సీజను మే నెలలో అయిపోయేది. ఆ వెంటనే ఏన్కూరు దగ్గర అత్తగారింట్లో మామిడికాయ పచ్చడి పెట్టేవారు. ఇద్దరు కూతుళ్ళకూ ఏడాదికి సరిపడా అక్కడే. కాయలు కొట్టడం అల్లుళ్ళ పని, ముక్కలు గుడ్డతో తుడవడం కూతుళ్ళ పని. నేను కాయకు పన్నెండు ముక్కలు కొట్టేవాణ్ణి, అన్నీ ఒకే తీరుగా. ఆయన కొట్టిన వాటిలో ఒకటి బొటనవేలంత, ఇంకొకటి అరచేయంత.

"చిన్నల్లుని ముక్కలు కొలిచినట్టే ఉంటయ్," అనేది అత్త. మరుక్షణమే, "పెద్దల్లుడు పాడుతుంటే ముక్కల దిక్కు ఎవరు చూస్తరు," అనేది.

రెండో గంప మొదలుపెట్టేసరికి నా భార్య అడిగేది.

"బావా, పడవ పాట."

"ఏ పడవ?"

"ఎరగనట్టు."

"గొంతు ఎండుకపోయింది మరదలా."

"గనిల బొగ్గు మింగి ఎండింది. దానికి నీళ్ళేం చేస్తయ్," అని వదిన, అంటే ఆయన భార్య, అంటించేది.

అప్పటికే నా భార్య లేచి చెంబెడు మజ్జిగ తెచ్చేది. మా ఇంట్లో నీళ్ళు కావాలంటే నేనే లేచి కుండలోంచి ముంచుకునేవాణ్ణి.

ఆ పడవ పాట మా చిన్ననాటి సినిమాలోది. పడవలో వెళ్ళిపోతున్న మనిషి ఒడ్డున నిలబడ్డ మనిషిని పిలుస్తూ పాడేది. ఆయన దాన్ని సరిగ్గా పాడడు. రెండో చరణంలో మూడో చరణం మాటలు వేస్తాడు. మాట గుర్తురాకపోతే కూనిరాగం తీస్తాడు. రెండో చరణం చివర ఒక మాటను పట్టుకుని, ఊపిరి అయిపోయేదాకా వదలడు. వరసగా మూడు వేసవులు గడియారం చూశాను. ఆ ఒక్క మాట పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ నా భార్య చేతిలో గుడ్డ కదలదు. పట్టుకున్న ముక్కను పట్టుకున్నట్టే ఉంచి, ఎటో చూస్తుంది. పాట మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు.

ఆమె మనసులో వేరే ఏదో ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. బావామరదళ్ళ సరసం ఎంతవరకో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నా కడుపుమంట వేరు. నాకు ఆ పాట మూడు చరణాలూ తప్పు లేకుండా వచ్చు. ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో కూడా చెప్పగలను. అన్నీ తెలిసిన నన్ను ఆమె ఒక్క పాటైనా అడగదు. సగం తెలిసిన ఆయన్ను ఏడాదంతా ఆగి అడుగుతుంది.

అసలు పాట వినిపిస్తే ఆయన తప్పులు ఆమెకే తెలుస్తాయనుకున్నాను. అది దొరకడం కష్టమైంది. ఖమ్మంలో రెండు దుకాణాలు, భద్రాచలంలో ఒకటి తిరిగాను. ఇల్లందు దుకాణంలో చీటీ రాసిచ్చి ఏడు నెలలు ఆగితే, ఎవరి ఇంట్లోనో ఉన్న పాత రికార్డు నుంచి ఎక్కించి ఇచ్చాడు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. ఇంటికి తెచ్చి పెట్టాను. నా భార్య చాటలో బియ్యం ఏరుకుంటూ విన్నది. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు.

"బాగుంది," అంది.

"రెండో చరణం విన్నవా? మీ బావ పాడేది అది కాదు."

"అవ్, కాదు. బావ పాడిందే బాగుంటది."

"పాట తీసినోళ్ళకంటే మీ బావకు ఎక్కువ తెలుసా?"

"తెలుసని నేనన్ననా? బాగుంటదన్న."

ఆ క్యాసెట్టును పెట్టె అడుగున పడేశాను.

తర్వాతి ఏడాది ఆయనకు గోదావరిఖని వైపు గనికి బదిలీ అయింది. పిల్లల చదువులు, డ్యూటీలు, ఇక పచ్చళ్ళకు రావడం కుదరదని వదిన కబురు పంపింది. ఆ వేసవి ఒక్కటే మిగిలింది. బయలుదేరే ముందు రోజు నా భార్య ఒక మాట అడిగింది.

"నీ టేప్ రికార్డరు తీసుకపోదాం. బావ పాట అందుల పట్టు. కొత్త క్యాసెట్టు కూడ తే."

పెళ్ళైనప్పటి నుంచి పాటల విషయంలో ఆమె నన్ను అడిగింది అదే మొదటిసారి. దుకాణానికి వెళ్ళి ఖాళీ క్యాసెట్టు కొన్నాను. కాయితం కూడా చింపకుండా సంచిలో వేసుకున్నాను. దాని పక్కనే నా పెట్టెలోంచి ఇంకొకటి తీసి వేశాను. అందులో ఒక వైపు ఒక పాట దొరక్క చివర ఖాళీ మిగిలింది. పాటలన్నీ కలిపి ఇరవై ఏడు నిమిషాల నలభై సెకన్లు. మిగిలింది సరిగ్గా మూడు నిమిషాలు. ఎందుకు వేశావని ఆ రోజు ఎవరైనా అడిగితే, ఊరికే అని చెప్పేవాణ్ణేమో. ఊరికే కాదు.

అత్తగారింట్లో కాయల గంపల మధ్య పీట వేసి టేప్ రికార్డరు పెట్టాను. ఆయన ఎదురుగా కూర్చుని నవ్వాడు.

"తమ్మీ, తప్పులు గిట్ల పోతే నీ మిషిని పట్టిస్తదా?"

"నువ్వు పాడన్నా, అది పట్టుకునేది పట్టుకుంటది."

"ఎక్కం కూడ పడుతదా?" అంది వదిన. అందరూ నవ్వారు.

ఆ నవ్వు లేకపోయినా నా చెయ్యి ఆ పాత క్యాసెట్టు మీదికే పోయేదనుకుంటాను. అదే పెట్టాను. ఖాళీ మొదలయ్యే చోటికి తిప్పి, రెండు మీటలూ కలిపి నొక్కాను. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. రెండో చరణం చివర పదకొండు సెకన్ల మాట వచ్చింది. ఆ తర్వాత మూడో చరణంలో రెండు పాదాలు. మూడు నిమిషాలకు టేపు అయిపోయి మీట టక్కున లేచింది. దాని మీద నా అరచెయ్యి ఉంది. పక్కన అత్త కత్తిపీట చప్పుడులో ఆ టక్కు ఎవరికీ వినిపించలేదు. ఇంకో నిమిషం పది సెకన్లు ఆయన నా అరచేతికి పాడాడు. నా భార్య గుడ్డ ఒళ్ళో పెట్టుకుని వింటూ ఉంది.

"వచ్చిందా తమ్మీ?"

"వచ్చింది."

"ఏదీ, వినిపియ్."

"కాయలు కానియ్యన్నా ముందు. ఇంటికాడ మంచిగ వింటం."

ఇంటికి వచ్చిన మూడో రోజు పగలు, పచ్చడి జాడీలకు వాసెన కట్టడం అయ్యాక, ఆమె టేపు పెట్టమంది. పెట్టాను. చప్పుళ్ళు, వదిన నవ్వు, ఆయన దగ్గు, తర్వాత పాట. పదకొండు సెకన్ల మాట దగ్గర ఆమె నడవా స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. మూడో చరణం రెండో పాదం దగ్గర పాట తెగింది.

"ఏమయింది?"

"కరెంటు పోయిందేమో అప్పుడు."

"ఫ్యాను తిరుగుతనే ఉండె."

ఆమె లోపలికి వెళ్ళి నా సంచి తెచ్చింది. అందులోంచి కాయితం చింపని క్యాసెట్టు తీసి నా ముందు పెట్టింది.

"సెకన్లతోని లెక్క రాసేటోనివి. జిల్లాల ఎవరి పాట తెగినా నీ పాట తెగదంటరు. మా బావ పాటకే టేపు సాలలేదా?"

"ఇల్లందులో ఇంకో వారం ఉంటరు. పోయి పట్టుకొస్త," అన్నాను. నిజంగానే వెళ్దామనుకున్నాను.

"వద్దు," అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది. "మళ్ళ అడిగితే ఎందుకని అడుగుతడు. ఏం చెప్తం?"

క్యాసెట్టు అక్కడే వదిలి వంటింట్లోకి పోయింది. పచ్చడి కలిపిన పళ్ళేలు ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. కాసేపటికి, టేపు ఆగిన పాదం దగ్గర నుంచి మిగిలిన పాట వినిపించింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె పాడగా నేను వినలేదు. గొంతు పెద్దగా లేదు. శ్రుతి కూడా కుదరలేదు. మాటలన్నీ బావ మాటలే, తప్పులతో సహా. ఆయన ఆగే చోట్ల ఆమె ఆగలేదు, అందుకని యాభై సెకన్లకే అయిపోయింది.

ఆమె పాడిందని కాసేపు సంతోషపడ్డాను. ఆ పాడింది కూడా ఆయన పాటే అని గుర్తొచ్చి మళ్ళీ మంట మొదలైంది. ఆ రెండూ ఇప్పటికీ విడదీయలేను.

ఆ ఏడు వానలు పడేదాకా ఆమె ఆ టేపు వేయమని చాలాసార్లు అడిగింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. ప్రతిసారీ పాట తెగేది, ప్రతిసారీ వంటింట్లోంచో పెరట్లోంచో ఆమె మిగిలింది పూర్తి చేసేది, నన్ను చూడకుండా. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఆమె బట్టలు మడతపెడుతుంటే, నేనే ఆ క్యాసెట్టు పెట్టి ఖాళీ మొదలైన చోటికి తిప్పాను. ఆయన మూడు నిమిషాలూ మొత్తం విన్నాను, పదకొండు సెకన్ల మాటతో సహా. టేపు ఆగాక, టేప్ రికార్డరు మీద చెయ్యి పెట్టి, నా యాభై సెకన్ల కోసం కూర్చున్నాను. ఆమె చీర అంచులు కలిపి మడతపెట్టి, ఇంకో చీర తీసింది. తర్వాత ఎప్పటికో, తల ఎత్తకుండానే, మిగిలిన పాట అందుకుంది.