టీవీకి చుట్టిన బొంత

మొన్న మనవరాలు ఆత్మకూరు నుంచి ఫోన్ చేసింది. మొగుడికి ఉదయగిరి బదిలీ అయిందట, సామానంతా ట్రాక్టరు ట్రక్కులో వేసి పంపిస్తారట. అయిదో నెల కడుపుతో ఉన్న పిల్ల, తనకేం కావాలో అడగలేదు. "అవ్వా, నీ పెట్టెలో పాత బొంత ఉండాది గదా, పంపియ్యి. టీవీకి చుట్టుకుంటాం" అంది. నేను ఫోన్ పెట్టేశాను. సిగ్నల్ పోయిందనుకుని మళ్ళీ చేసింది. తియ్యలేదు.

ఆ బొంతకి ఇదివరకే ఒకసారి ఆ గతి పట్టింది. గోడకి తగిలించే పల్చటి టీవీలు మా వైపు కొత్తగా వస్తున్న రోజులవి. మా చిన్న తోడికోడలు ఆత్మకూరులో టీచరు. ఆమె కొన్న టీవీ మా దొడ్డి తలుపంత ఉండేది. మా ఇంట్లో ఉన్నదేమో డబ్బా టీవీ, నెత్తిన రెండు తగిలిస్తేగాని బొమ్మ నిలబడేది కాదు. ఆమె ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను ఆ టీవీకి వీపు పెట్టి కూర్చునేదాన్ని. ఎందుకని అడిగితే కళ్ళు మండుతున్నాయనేదాన్ని. ఎక్కడ మండుతోందో మా ఆయనకు తెలుసు. పైకి అనేవాడు కాదు.

ఉదయగిరిలో తోడికోడలు వాళ్ళు ఇల్లు కట్టుకున్నారు. సామాను తరలించే రోజు అత్తను వెంటబెట్టుకుని ఆత్మకూరుకు సాయానికి వెళ్ళాను. అత్త ఉండేది మా ఇంట్లోనే. నేను వండింది తిని, చిన్నకోడల్ని పొగిడేది. టీవీతో వచ్చిన అట్టపెట్టె, అందులోని థర్మాకోలు ఉండి ఉంటే ఏ గొడవా లేదు. కానీ తోడికోడలు గొప్పకు పోయి వాటిని క్రిస్మస్‌కి చర్చికిచ్చేసింది. పెట్టె యేసు పుట్టిన పశువులపాక అయింది, థర్మాకోలు నక్షత్రాలై వేలాడింది. ఇక టీవీ ఎట్లా చేర్చాలని తలా ఒక మాట. గడ్డి పరిచి మామిడికాయల మాదిరి పడుకోబెడదామన్నాడు మరిది. పడుకోబెడితే గతుకులకి అద్దం నడిమికి విరుగుతుందన్నాను నేను. మా పెళ్ళి ఫోటో అద్దం అట్లాగే పోయింది మరి. చివరికి ట్రక్కు ముందు రేకుకి ఆనించి నిలబెట్టి, అటూ ఇటూ బియ్యం మూటలు వేసి, మోకుతో కట్టాలని తేలింది. అద్దం చుట్టూ మెత్తగా ఏదైనా ఉండాలి.

అప్పుడు అత్త తన సంచిలోంచి బొంత తీసింది. వాళ్ళమ్మ చీరలు, తన పెళ్ళిచీర కలిపి చీమ బారులాంటి కుట్లతో కుట్టుకున్న బొంత. నా ప్రతి పురుడికీ బిడ్డ కింద పరచడానికి అడిగాను. పాడైపోతుందని పెట్టెకి తాళం వేసేది. ఇప్పుడు ఎవరూ అడగకుండానే ఇంటి నుంచి మోసుకొచ్చింది.

"టీవీకి చలేస్తదా అత్తా?" అన్నాను.

"నోరు మూసుకొని ఆ కొస పట్టుకో" అంది.

ట్రక్కులో టీవీ పక్కన కూర్చునే పని నాకే పడింది. అత్త ఎదురుగా మంచం మీద కూర్చుంది. తోడికోడలు బస్సులో వెళ్ళింది, దుమ్ము పడదట. ఊరు దాటాక ఒక పెద్ద గుంతలో ట్రక్కు ఎగిరిపడింది. మోకు జారింది, టీవీ ముందుకి ఒరిగింది. నేను లేచి రెండు చేతులా వాటేసుకున్నాను. మోకాలు ఇనుప అంచుకి కొట్టుకుని తోలు లేచిపోయింది.

"టీవీ జాగ్రత్త, టీవీ!" అని అత్త కేకలు.

"నేను పడితేనో?"

"నువ్వు పడితే లేస్తావు. అది పడితే లేస్తదా?"

డ్రైవరు బండి ఆపి మోకు బిగించి కట్టాడు. అయినా నేను పట్టు వదల్లేదు. ఉదయగిరి కొండ కనపడేదాకా ఆ బొంతలో ముఖం పెట్టుకునే కూర్చున్నాను. కలరా ఉండల వాసన, దాని అడుగున వస కొమ్ము వాసన. ఈ బొంత మీద పెరిగిన బిడ్డల్లో మా ఆయన ఉన్నాడు, మరిది ఉన్నాడు, నా పిల్లలు మాత్రం లేరు. "టీవీని మా అక్క చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొనొచ్చినాది" అని తోడికోడలు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. చెప్పుకోనీలే అని ఊరుకున్నాను.

పాస్టరు ప్రార్థన చేశాడు, టీవీ గోడకెక్కింది, జనమంతా దాని ముందు చేరారు. బొంత గడప దగ్గర పడి ఉంది. వచ్చేవాళ్ళు దానికి కాళ్ళు తుడుచుకుని లోపలికి పోతున్నారు. నేను తీసి, దులిపి, మడిచి చంకన పెట్టుకున్నాను. అత్త చూసింది.

"కావాలంటే అడగొచ్చు గదా."

"ప్రతి పురుడికీ అడిగినాను."

అత్త నా చంకలోని బొంత కొస సవరించింది. తర్వాత మెల్లగా, "చిన్నదానికి నేనేం చేసినాను చెప్పు? ఒక పూట వండిపెట్టినానా, బిడ్డల్ని ఎత్తుకున్నానా? నీకాడైతే నేనే ఉండాను గదా" అంది.

"నువ్వు తింటావత్తా. బొంత తినదు."

అత్త పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అత్త లేదు. ఆ టీవీకి గీతలు పడి, ఎప్పుడో పాతసామాన్లవాడి బండెక్కింది. బొంతను మాత్రం నేను ఏడాదికొకసారి ఎండలో వేసి, పక్కనే కూర్చుని కాపలా కాస్తాను.

ఆ సాయంత్రం నేనే మనవరాలికి ఫోన్ చేశాను. రెండు దుప్పట్లు, గోనెసంచులు పంపిస్తాను, టీవీని నిలబెట్టి కట్టించు, బొంత మాత్రం ఇవ్వనని చెప్పాను.

"పాత బొంతకి ఇంత పంతమేందవ్వా? అదేమన్నా బంగారమా?"

"నీ పురుడికి తెస్తాను. బిడ్డ కింద నేనే పరుస్తాను. మీ అత్త చెయ్యి పెట్టేదానికి లేదు, ఇప్పుడే చెప్తా ఉండా."

అటువైపు పిల్ల నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఫోన్ పెట్టేసి పెట్టె తాళం మరొకసారి లాగి చూసుకున్నాను. గోడకెక్కినవాటిని కాలం ఒక్కొక్కటిగా దించేస్తుంది. పెట్టె అడుగున ఉన్నదానికి పైకొచ్చే వంతు ఆలస్యంగా వస్తుంది, వచ్చేదాకా కాపలా ఉండాలంతే.