మెరుగు కింది ఇత్తడి

ఆమెను మ్యూజియంలో అందరూ ఎముకలక్క అనేవారు. ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీస్తూ ఉద్యోగం మొదలుపెట్టి, తరువాత పాత లోహపు పరికరాలను పరీక్షించే ఈ గదికి మారింది. ఆమె తండ్రి ఇక్కడే ఇత్తడి సామగ్రికి మెరుగుపెట్టి రిటైరైన మనిషి. "నా చేతిలో పడ్డ ఇత్తడిలో మొహం చూసుకోవచ్చు" అన్నది ఆయన జీవితకాలపు గొప్ప.

ఆయన మెరుగుపెట్టిన వాటిలో, నక్షత్రాల ఎత్తు కొలిచే ఒక పురాతన పరికరంలో రెండు ఇత్తడి బిళ్లలున్నాయి. పై బిళ్లలో జింకు ఎక్కువ, కింది దానిలో తక్కువ అని తొలి పరీక్షలో తేలింది. అంటే అసలు పై బిళ్లను ఆమె తండ్రి అమ్ముకొని కొత్తది తగిలించాడన్న మాట క్యాంటీను దాకా పాకింది. పుకారుకు సాక్ష్యం అక్కరలేదు. దాన్ని కొట్టివేయడానికే కావాలి.

"నిప్పు లేందే పొగ రాదు కదమ్మా!" అన్నాడు స్టోరుకీపరు.

"ఇప్పుడు పొగంతా మీ నోట్లోంచే వస్తోంది బాబాయ్."

అంతమాట అన్నా, రెండో పరీక్షలో ఆమె యంత్రం మీట ముట్టుకోలేదు. "మా నాన్న సంగతి ఇది. నేను చేస్తే ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా" అంటూ తోటి ఉద్యోగినిని కూర్చోబెట్టింది.

ఆ పరీక్షలో కిరణాలు లోహపు పైపొరనే చదువుతాయి. కాలం గడిచేకొద్దీ ఇత్తడి పైపొరలో జింకు తగ్గిపోవచ్చు. పై బిళ్ల మీద ఆ పొర మెరుగుకు పోయి ఉండొచ్చు, కింది దాని మీద అలాగే ఉంది. అందుకని కింది బిళ్ల మీద, ముల్లు తిరిగి తిరిగి అరిగి లోపలి లోహం బయటపడ్డ చోట కొలిచారు. అంకెలు పై బిళ్లతో సరిపోయాయి. రెండూ ఒకే పాత లోహం.

చివరగా రెండింటికీ ఎక్స్-రే ఫిల్ము తీశారు. పై బిళ్ల నడుమ పల్చబడి ఉంది. అక్కడ చెక్కిన గీతలు సగం లేవు. మెరుగుపెట్టిన చేయే వాటినీ తినేసింది.

ఇంటి గుమ్మంలోనే తండ్రి ఎదురొచ్చాడు.

"దొంగనన్నారా?"

"లేదు నాన్నా. ఆ మచ్చ పోయింది."

"మరి మొహం అలా మాడ్చుకున్నావేం? నేను వండింది ఇంకా తిననేలేదుగా!"

ఆమె ఫిల్మును కిటికీకి ఆనించి పట్టుకుంది. ఆయన చాలాసేపు చూశాడు.

"ఈ నల్లనిదేమిటి?"

"నువ్వు రుద్దిన చోటు."

"గీతలేవీ?"

ఆమె వేలిని ఆ నల్లని చోటు మీదే ఉంచింది.

"అద్దంలా మెరవాలనేవాళ్లమ్మా పెద్దలు. నాకూ అదే ఇష్టంగా ఉండేది." గొంతు తగ్గింది. "ఇదీ రిపోర్టులో రాస్తారా?"

"రాస్తారు. నేనే రాయమన్నాను."

ఆయన తల పంకించి, ఫిల్మును అంచులు పట్టుకొని, గాజును పట్టుకున్నట్టు ఆమె చేతికిచ్చాడు.

"మంచిపనే చేశావు. దొంగ కాదన్నది మాత్రం ముందు రాయమను."