బావగారు వ్యానుకి కట్టిన పెట్టె

మా బావగారు, అంటే మా వారి అన్నగారు, కార్తీక సోమవారం పొద్దున్న నేను దీపం పెడుతుండగా పోయారని కబురొచ్చింది. పదోరోజున వచ్చినవాళ్లంతా ఆయన రేడియోలు బాగుచేసే పనితనం గురించి చెప్పుకున్నారు. పెట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. అందుకే ఎన్నడూ లేనిది కలం పట్టాను.

కొన్నేళ్ల కిందట బావగారి అబ్బాయి మోటారుసైకిలు మీద వేగంగా వస్తూ కాలవలో పడి చనిపోయాడు. ఆ ఏడాదే మా వారు రాజోలులో రొయ్యల వ్యాను మొదలుపెట్టారు. ఐసు కరిగేలోగా సరుకు చేర్చాలి. దారంతా కాలవగట్టే.

"వేగం తగ్గించమంటే మీ తమ్ముడు నా మాట వినట్లేదండీ బావగారూ. మీరే ఏదో ఒకటి చెయ్యాలి" అన్నాను.

ఆయన వ్యాను కిందకి దూరారు. చక్రం దగ్గరి సెన్సరు నుంచి మీటరుకి వెళ్లే సన్నని వైరును ఒకచోట చెక్కి, ఇంకో వైరు కలిపి, సీటు పక్కన సబ్బుపెట్టెలో పెట్టిన బజరుకి ఇచ్చారు. వేగం హద్దు దాటితే మోగేది.

కొన్నాళ్లకి మా వారు మలుపులో కొబ్బరిచెట్టుని గుద్దారు. ఆ చెట్టు లేకపోతే కాలవే.

"మోగలేదన్నయ్యా. నెమ్మదిగానే వెళ్తున్నాననుకున్నాను."

ఉప్పుగాలికి అతుకు చిలుమెక్కి ఊడిపోయింది. బావగారు ఆ వైరుకొస పట్టుకుని గట్టు మీదే కూలబడ్డారు.

"తప్పు నాదేరా. అది మోగకుండా ఊరుకుంటే అంతా బాగున్నట్టేనని నిన్ను నమ్మించేను."

ఈసారి అతుకుని టంకంతో గట్టిచేసి పైన మైనం పోశారు. పద్ధతీ మార్చారు. చక్రం తిరిగినంతసేపూ పెట్టె టిక్కుటిక్కుమంటుంది. వేగం పెరిగితే టిక్కులు కలిసిపోతాయి. కదిలే బండిలో పెట్టె మూగబోతే వైరు తెగినట్టే, బండి ఆపెయ్యాలి.

"ఇది వ్యానా, గోడగడియారమా? రేవులో అందరూ టైమెంతని అడుగుతున్నారు" అన్నారు మా వారు.

"ఇంటికెళ్లే టైమని చెప్పరా."

నాకొక్కదానికే ఇంకోమాట చెప్పారు. "ఆ బజరు అబ్బాయి బండిదేనమ్మాయ్. ఇండికేటరుది. కాలవలోంచి తీసేక ఆరబెడితే పలికింది. మీ అక్కకి చెప్పకు."

"ఆయ్" అన్నాను.

అక్క, మా తోటికోడలు, రోజూ ఆ చప్పుడు విని "అదిగో, మరిదిగారు వచ్చేరు" అని కాఫీకి నీళ్లు పెట్టేది. నేను దేవుడిగదిలోకి వెళ్లిపోయేదాన్ని.

ఆ సోమవారం ఆస్పత్రి నుంచి పోయిన బావగారిని ఆ వ్యానులోనే తెచ్చాం. మా వారు ఎంత నెమ్మదిగా నడిపారంటే, ఒక టిక్కుకీ ఇంకో టిక్కుకీ మధ్య అక్క ఊపిరి వినిపించింది.

ఇది చదివినవాళ్లు ఈ కాగితాలు దాచి ఉంచండి. అక్కకి చూపించకండి. ఆ దారి పొడుగునా ఆవిడ అరచెయ్యి పెట్టె మీదే ఉంది.