వ్యాను మామ కథలో మోసేవాళ్ళు

మా వ్యాను మామ పోయాడు. సౌదీలో ఖఫ్జీ రోడ్డు మీద ఎవరిదో కారు పంక్చరై, ఆడవాళ్ళూ పిల్లలూ ఎండలో నిలబడి ఉంటే చూడలేక తన వ్యాను ఆపి, టైరు మార్చడానికి కూర్చున్నాడట. వెనక నుంచి వచ్చిన ట్రైలర్ కొట్టేసింది. పట్టుకున్న పానా పట్టుకున్నట్టే ఉందని ఫోన్లో చెబుతూ చెబుతూ మామతో గదిలో ఉండే అతను ఏడ్చేశాడు. నాకు మాత్రం ముందు కోపమొచ్చింది. అరవై దాటిన మనిషికి దారినపోయే వాళ్ళ టైర్లతో ఏం పని?

వారం వారం నా నవల చదువుతున్న మీలో చాలామంది "ఆడపిల్ల కథలో ఇంత నెత్తురేమిటమ్మా?" అని అడుగుతున్నారు. నీళ్ళ చుట్టూ గోడ కట్టిన నగరం, పదిహేనేళ్ళు నిండగానే పిల్లల్ని భూమి కిందికి పనికి తోసేసే పాలకులు, టైర్లు విప్పే పానా పట్టుకుని ఒంటరిగా తిరగబడ్డ పిల్ల, ఇవేవీ నా బుర్రలో పుట్టినవి కావు. మా అమ్మ ఖఫ్జీలో నర్సుగా ఉన్న రోజుల్లో మమ్మల్ని బడికి తీసుకెళ్ళిన వ్యాను డ్రైవరువి. కడప నుంచి వచ్చిన మనిషి. రోజూ బడి గేటు దగ్గర సరిగ్గా దెబ్బ పడబోయే చోట కథ ఆపి, "దిగండి" అనేవాడు.

ఒకరోజు ఆ పిల్ల కాపలావాడి మోకాలు విరగ్గొట్టి, రెండో దెబ్బ నెత్తిన వేసింది. పుర్రె పగిలిన చప్పుడు మామ నోటితో చేసి మరీ వినిపించాడు. మేం చప్పట్లు కొట్టాం.

"సచ్చినాడు సరే. ఇప్పుడు వాణ్ణి మోసేదెవురు?" అన్నాడు.

"వాడు విలన్ మామా!"

"విలనైతే వాళ్ళమ్మ వాణ్ణి కనల్యా? మోసేటోళ్ళు ల్యాకుండా నా కతలో ఎవుర్నీ సంపేది ల్యా."

అదీ మా వ్యాను చట్టం. ఎవరు చచ్చినా కథ ఆగేది. తలవైపు ఎవరు, కాళ్ళవైపు ఎవరు అని మామ అడిగితే మేం చేతులెత్తాలి. వెనక సీటులో కూర్చునే హైదరాబాదు బుడ్డోడు ఎప్పుడూ కాళ్ళవైపే. ఎన్ని శవాలు మోశామో, బడికి మాత్రం ఒక్కరోజూ ఆలస్యంగా వెళ్ళలేదు.

ఒకసారి సిగ్నల్ దగ్గర వెనక కారువాడు దిగొచ్చి, దారివ్వలేదని మామను కాలరు పట్టి లాగి, మా కళ్ళముందే మొహం మీద గుద్దాడు. "పానా మామా, పానా!" అని గొంతులు చించుకున్నాం. మామ దాన్ని ముట్టుకోలేదు. పెదవి నెత్తురు తుడుచుకుని బండి ఎక్కి కథ అందుకున్నాడు. ఆ పూట కథలో కనబడ్డ కాపలావాడి మోకాలల్లా విరిగింది.

"నువ్వెందుకు కొట్టలేదు?" అన్నాను ఉక్రోషంగా.

"కతలో మోసేదానికి మీరుండారు. ఈడ వాణ్ణి ఎవురు మోయల్ల? నన్నెవురు మోయల్ల పాపా?"

నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

పదో తరగతి కాగానే నన్ను ఇండియా పంపేశారు. కథ అక్కడే తెగింది. కథలో ఆ పిల్ల స్నేహితురాల్ని వేటకుక్కలు చీల్చేశాయి. ఆ శవం ఒక భుజాన, పానా ఇంకో చేత, మన పిల్ల గోడ దగ్గర నిలబడింది. నా నవలా అక్కడే ఆగింది. శవాన్ని వదిలేసి గోడ దూకించమని సంపాదకుడి సలహా. ఈ మధ్యే మామకు ఫోన్ చేసి చెప్పాను.

"వదిలేస్తే ఇన్నేండ్లు మనం మోసినోళ్ళు ఊరుకుంటారా? రెండు చేతులా మోయల్లంటే పానా కింద పెట్టల్ల ఆ పాప. ఎప్పుడు పెడ్తాదో నాకూ తెల్దు."

"కుక్కలొస్తే?"

"అదే గదా కత!"

ఆయన్ని ఖఫ్జీలోనే ఖననం చెయ్యడానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నారు. కడప నుంచి ఆయన భార్య ఫోన్లో ఒక్కటే అడిగింది: "మోసేదానికి మనోళ్ళుండారా పాపా?"

"ఉన్నారత్తా" అనేశాను. ఒక్కరు కూడా ఉన్నారో లేదో నాకు తెలియదు. నేనిప్పుడు ఉంటున్న రియాద్ నుంచి కారు నడుపుతూ, ఆనాటి వ్యాను పిల్లల్లో దొరికిన ప్రతి నంబరుకీ ఫోన్ చేస్తూ వెళ్ళాను. బుడ్డోడు రాస్ తనూరా నుంచి నాకంటే ముందే వచ్చి మసీదు దగ్గర నిలబడ్డాడు. రియాద్ శివార్లలోని సులై గోడౌన్ల నుంచి ఇద్దరు డ్యూటీ బట్టలతోనే వచ్చారు. ఇంకా వస్తూనే ఉన్నారు.

నమాజు అయ్యాక మామకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్, ఓ ముసలి అరబ్బు, వ్యాను తాళాలు నా చేతిలో పెట్టాడు. అంబులెన్సు వెనకాల నేనే నడిపాను. మగపిల్లలు ఎవరి పాత సీట్లలో వాళ్ళు, మోకాళ్ళు పట్టక ముడుచుకుని కూర్చున్నారు. శ్మశానం గేటు దగ్గర వాళ్ళు దిగారు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళరు. పోలీసులు తిరిగిచ్చిన పానాను ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి నొప్పి పుట్టేదాకా బిగించి పట్టుకుని, ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను.

చేతుల నిండా మట్టితో తిరిగొచ్చారు.

"కింద పెట్టకుంట, భుజాలు మార్చుకుంట మోసినమక్కా," అన్నాడు బుడ్డోడు. "మామ ఎవరో తెల్వనోళ్ళు గూడ వచ్చి పట్టిండ్రు."

అత్తకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. ఆమె అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

బండి తీయబోతుంటే వెనక సీటు నుంచి బుడ్డోడి గొంతు. "తర్వాత ఏమైందక్కా?"

పానాను సీటు కింద పెట్టాను.

"గోడ దగ్గర ఆ పిల్ల పానా కింద పెట్టింది," అన్నాను. "కుక్కలు వస్తున్నాయి. కాళ్ళవైపు ఎవరు పడతారు?"

అద్దంలో చూశాను. గడ్డాలు నెరుస్తున్న మగపిల్లలందరూ చేతులెత్తారు.