నడుముకు పాటల డబ్బా

మా లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే పెద్దమ్మకు మొహమాటం అనేది పుట్టుకతోనే లేదు. ఎవరింట్లో ఏ గొడవ వచ్చినా, ఎవరి పిల్లకు ఏ సంబంధం కుదిరినా, అడిగినా అడగకపోయినా సలహా చెప్పేసేది. "నా మాట విను, వాళ్ళ గడప తొక్కకు" అనేది. ఇంకొకరితో "నా మాట విను, ఇప్పుడే బయల్దేరు" అనేది. సగం సార్లు ఆమె చెప్పిందే నిజమయ్యేది. మిగతా సగం ఊసు మళ్ళీ ఎత్తేది కాదు. అలాంటి మనిషి నోటికి తాళం వేసిన ఘనత ఒక సీడీ ప్లేయర్‌కే దక్కింది.

అది ఆమె తమ్ముడిది. పాటలు ఫోన్లోనే వస్తున్నాయి కదా అని అతను దాన్ని పాత సామాన్లలో పడేయబోతుంటే ఈవిడ అడ్డంపడి తెచ్చుకుంది. చిన్న పళ్ళెమంత గుండ్రటి డబ్బా, స్పాంజి ఊడుతున్న హెడ్‌ఫోన్లు, లోపల ఒకే ఒక్క సీడీ. చిరిగిన తువ్వాలుతో దానికి సంచీ కుట్టి నడుముకు కట్టుకుంది. మొదటిరోజు కోతికి కొబ్బరి చిప్ప దొరికినట్టే ఉంది వ్యవహారం. "తాకకండర్రా, గీతలు పడతాయి" అంటూ మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు.

దానికో జబ్బు ఉండేది. కాస్త కుదిపితే చాలు, పాట గెంతేది. ఇస్త్రీ పెట్టె ఠాప్‌మని దించిందంటే పల్లవిలో ఉన్న పాట పోయి చరణంలో పడేది. అన్నేళ్ళుగా బల్ల అదిరేలా ఇస్త్రీ చేసిన మనిషి, పాట కోసం పెట్టెను పసిబిడ్డను దించినట్టు దించడం నేర్చుకుంది. నడక కూడా మారింది, మడమ చప్పుడు లేకుండా నడిచేది. మేనేజరు కాలర్లు ఎత్తి చూసి, "ఈ మధ్య చేయి బాగా తిరిగింది పెద్దమ్మా!" అన్నాడు. "నాదేం లేదు బాబూ, అంతా పాటదే!" అని అరిచింది. చెవుల్లో పాట మోగుతుంటే తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలిసేది కాదు. ఉతికే మెషీన్ల దగ్గర ఉన్న నాకు కూడా వినపడింది.

"ఆవిరి దగ్గర అలాంటివి పెట్టుకోకూడదు" అని అందరం చెప్పాం. "నాకు తెలీదా?" అంది. ఆ మాటే ఆమె కొంప ముంచింది. ఎండలు ఇంకా ముదరలేదు, ఓ పొద్దున డబ్బాలో సీడీ తిరగడం మానేసింది. రిపేరు షాపువాడు మూత తీసి చూసి, "దీన్ని ఆవిరి మీద ఉడకబెట్టారా ఏంటమ్మా? లోపల అద్దం మసకబారిపోయింది. ఈ మోడల్‌కి సామాన్లు ఇప్పుడు దొరకవు" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. మా ముందు ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? మర్నాడు మామూలుగానే సంచీ కట్టుకుని, చెవులకు తగిలించుకుని వచ్చింది. ఆ ఒక్కరోజుకే అనుకుంది. రెండోరోజు చెబుదామంటే, మరి నిన్న ఏం విన్నావని అడుగుతారు.

అలా ఆ చెవుల్లో పాట ఆగిపోయి, మా మాటలు పడడం మొదలైంది. పెద్దమ్మకు వినపడదన్న ధైర్యంతో మేం ఆమె పక్కనే నిలబడి ఆమెనే ఏకేవాళ్ళం. మహారాణి అనేవాళ్ళం, ముసలి వయసులో సోకులు అనేవాళ్ళం. ఆవిడ అన్నీ మింగి, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఇస్త్రీ చేసుకునేది. మధ్యమధ్య మాకు అనుమానం రాకుండా తల కూడా ఊపేది. ఇవన్నీ చాలాకాలం తర్వాత తనే నాతో చెప్పింది, నా మొహం చూడకుండా.

మా మాటలైతే ఆమె తట్టుకుంది. తట్టుకోలేకపోయింది మడతలావిడ మాటల్ని.

మడతలావిడ బల్ల ఇస్త్రీ బల్లకు ఆనుకునే ఉండేది. దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు మడతపెట్టడం ఆమె పని. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటి సంగతులు ఎవరికీ చెప్పేది కాదు. పెద్దమ్మా ఆమే ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఓ రోజు మడతలావిడ తువ్వాలు మడుస్తూ మడుస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"నీకెలాగూ వినపడదు కదా వదినా, అందుకే చెప్పుకుంటున్నా. మా అక్క ఆస్పత్రిలో ఉంది. అమ్మని నేను సరిగ్గా చూళ్ళేదని నలుగురిలో అనేసింది చూడు, అప్పట్నుంచీ మాకు మాటల్లేవు. ఇప్పుడు దాని కూతురు ఫోన్ చేసి, 'పిన్నీ, అమ్మ నిన్ను రమ్మంటోంది' అంటోంది. నిజంగా అక్కే రమ్మందో, పిల్ల కల్పించి చెబుతోందో! తీరా నేను వెళ్ళాక అది మొహం తిప్పుకుంటే నా బతుకేం కాను?"

పెద్దమ్మ నాలుక చివరిదాకా వచ్చింది జవాబు. నా మాట విను, ఇప్పుడే బయల్దేరు. అలవాటైన మాటే. కానీ అంటే, ఇన్నాళ్ళూ అందరి మాటలూ వింటూ కూర్చుందని తేలిపోతుంది. పెదవులు బిగించి కాలర్ మీద పెట్టె నడిపింది.

మడతలావిడ ఆగలేదు. గోడకు చెప్పుకుంటే గోడ కాదంటుందా? మర్నాడూ అదే గోల. చిన్నప్పుడు అక్క తన జడ వేసేదని చెప్పింది. పరీక్ష తప్పితే నాన్న చేతి దెబ్బలు అక్క అడ్డం వచ్చి తిన్నదని చెప్పింది. ఓ రోజు చీర కూడా మార్చుకుని వచ్చింది, పని కాగానే ఆస్పత్రికి పోదామని. సాయంత్రానికి మనసు మార్చుకుని ఇంటికే పోయింది. ఒక్క మనిషి వెనక నుంచి తోస్తే చాలు, వెళ్ళిపోయేలా ఉంది. ఆ సంగతి పెద్దమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఒక మధ్యాహ్నం మడతలావిడ చేతిలో గలీబు వదిలేసి, నేరుగా ఇస్త్రీ బల్ల ముందుకొచ్చి నిలబడింది. పెద్దమ్మ కళ్ళలోకి చూసి అడిగింది.

"వెళ్ళనా వదినా? నువ్వైతే ఏం చేస్తావు?"

దొరికిపోయాననుకుంది పెద్దమ్మ. ఏం చేయాలో తోచక కళ్ళు మూసుకుంది. తల ఊపుతూ, ఆ సీడీలో మొదటి పాట గట్టిగా ఎత్తుకుంది. గదిలో అందరం పనులాపి నవ్వాం. మడతలావిడ కూడా చిన్నగా నవ్వి, "నీ పనే హాయి వదినా" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంటికి వెళ్ళాక పెద్దమ్మకు అద్దంలో తన మొహం తను చూసుకోవడానికే సిగ్గేసిందట. రేపు చెప్పేద్దాం అనుకుంది. రేపు వచ్చింది, ధైర్యం రాలేదు. ఎల్లుండి చూద్దాం అనుకుంది. ఆ వారం తిరక్కుండానే మడతల బల్ల ఖాళీగా కనపడింది. "ఆవిడ అక్కగారు పోయారట, కొన్నాళ్ళు రారు" అన్నాడు మేనేజరు. ఆమె పని కూడా కలిపి పెద్దమ్మకే అప్పజెప్పాడు. ఎవరో శిక్ష వేసినట్టు ఆ పనీ చేసింది.

మడతలావిడ తిరిగొచ్చిన రోజు, భోజనాల వేళ అందరం లేచాక, ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి పెద్దమ్మ చెవి పక్కన హెడ్‌ఫోను కాస్త జరిపి అడిగింది. "ఆ పాటల డబ్బా కాసేపు ఇస్తావా వదినా? ఇంట్లో ఎటు చూసినా ఏడుపులే. రెండు పాటలు వింటే మనసు కాస్త తేలికపడుతుందేమో."

బ్యాటరీ అయిపోయిందనే మాట పెద్దమ్మకు నోటిదాకా వచ్చింది. అంతలోనే మడతలావిడ హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకు పెట్టుకుంది. మీట నొక్కింది, మళ్ళీ నొక్కింది.

"ఏం రావట్లేదేంటి?"

"పాడైపోయింది."

"అయ్యో, ఎప్పుడు?"

ఇవాళే అనవచ్చు. అంటే నమ్ముతుంది కూడా. ఎదురుగా ఆ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. పెద్దమ్మ తల వంచుకుంది.

"ఎండలు ముదరకముందే."

మడతలావిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద మెల్లగా పెట్టింది. తిడుతుందనుకుంది పెద్దమ్మ. తిడితే బాగుండుననుకుంది.

"అన్నీ విన్నావా?"

"విన్నాను."

"మా అక్క సంగతి?"

"అదీ విన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నా వదినా. నీ గుట్టంతా దొంగలా విన్నాను. క్షమించు."

"విన్నందుకేముందిలే" అంది మడతలావిడ. "వినడానికి మనిషి లేకే కదా చెప్పుకుంది. వెళ్ళవే అని ఒక్క మాట అనుంటే వెళ్ళేదాన్ని వదినా. అందరికీ చెబుతావు కదా. నాకూ చెప్పాల్సింది."

ఆ మాట అని తన బల్ల దగ్గరికి వెళ్ళి, ఒంటరిగానే ఓ పెద్ద దుప్పటి తీసి, ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి మడవసాగింది. పెద్దమ్మ పోయి రెండో అంచు పట్టుకుంది. మడతలావిడ వద్దనలేదు, రమ్మనలేదు. దుప్పటి సగం మడిచాక, ఏదో గుర్తొచ్చినట్టు మామూలు గొంతుతోనే అడిగింది.

"ఆవేళ నేను అడిగితే పాడావే, ఏం పాటది?"

పెద్దమ్మకు ఆ పాట మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. తన చేతిలోని అంచు తెచ్చి మడతలావిడ చేతిలో పెట్టింది.