నాంచారమ్మ రెండు నడకలు

జూలూరుపాడులో నాంచారమ్మకు రెండు నడకలుండేవి. తలుపు మూసుకున్నాక ఇంట్లో నడిచేది ఒకటి, వీధి వాళ్లకు చూపించేది ఒకటి. ఈ వేషం ఆమె సరదాపడి కట్టింది కాదు.

భర్త గోపయ్య బొగ్గుబాయిలో పనిచేస్తూ చనిపోతే ఆ నౌకరీ ఆమెకిచ్చారు. పదకొండేళ్లు స్టోర్స్‌లో సామాన్లు మోసింది. ఈలోగా రుమటాయిడ్ కీళ్లవాతం పాదాలను పట్టుకుంది. కాలివేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. అరికాలి కింద ఎముకలు పొడుచుకొచ్చి, నున్నటి గచ్చు మీద కూడా గులకరాళ్లు తొక్కినట్టే ఉండేది. మెడికల్ బోర్డువాళ్లు ఆ నడక చూసి అన్‌ఫిట్ అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తల్లి అన్‌ఫిట్ కావడంతో, కంపెనీ రూలు ప్రకారం, ఆ నౌకరీ కొడుకు చందర్‌కు వచ్చింది.

ఆ తర్వాత ఖమ్మంలో హైమ డాక్టరమ్మ ఆ పాదాలను చేతుల్లోకి తీసుకుని చూసింది. "రోగం పోదు, మందులు వాడాల్సిందే. కానీ ఆపరేషన్ చేస్తే అడుగు మంచిగ పడుతదమ్మా" అంది. నాంచారమ్మకు ఏడుపొచ్చినంత పనైంది.

ముందు కుడికాలు, నాలుగు నెలలకు ఎడమకాలు. పొడుచుకొచ్చిన ఎముకలు తీసేసి, వేళ్లు సరిచేసి తీగలు గుచ్చారు. బొటనవేలి కీలు కదలకుండా అతికించారు. తీగలు తీసి, వాపు తగ్గాక ఒక పొద్దున ఆమె వంటింట్లోంచి పెరట్లోకి నడిచింది. కోడలు సునందను పిలిచి మళ్లీ నడిచి చూపించింది. అంత మురిపెం ఆమె పెళ్లినాడు కూడా ఎరగదు.

ఆ సాయంత్రమే చందర్ డ్యూటీ నుంచి మొహం మాడ్చుకుని వచ్చాడు. నడుంనొప్పితో అన్‌ఫిట్ అయిన పోతయ్య బజార్లో బండి నడుపుతుంటే ఎవరో చూసి, ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశారట. పోతయ్య బదులు నౌకరీలో చేరిన కొడుకును ఎంక్వైరీకి పిలిచారట.

"అమ్మా, బయట గిట్ల నడవకే. కట్టె పట్టుకో. జర కుంటు."

"నేనేమన్న దొంగతనం చేసిన్నారా? అప్పుడు నడవరాకుండె, ఇప్పుడొచ్చింది."

"నాకు తెల్సు. ఉత్తరం రాసేటోనికి తెల్వదు గదా."

భయస్తుడని కొడుకును తిట్టిపోయొచ్చు. కానీ ఇల్లు గడిచేది ఆ నౌకరీ మీదే. ఆమె కట్టె అందుకుని, కుడి భుజం వాల్చి కుంటడం మొదలుపెట్టింది.

అప్పట్నుంచి తలుపు చప్పుడైతే చాలు, నిలబడ్డ మనిషి గబుక్కున కూలబడేది. పక్కింటి రుక్మిణి మంచినీళ్లు తెచ్చిపెట్టి, "రెండుసార్లు కోసినా ఫాయిదా లేకపాయె, పాపం" అనేది. "అవ్, ఏం జేస్తం" అనేది నాంచారమ్మ. మిర్చి కోతలకు ఆడవాళ్లంతా నవ్వుకుంటూ ఆటో ఎక్కుతుంటే గడపలో కూర్చుని చూసేది. వాళ్లతో పోవాలని ప్రాణం కొట్టుకునేది. నొప్పితో కూర్చున్న రోజుల్లో ఆమెకు ఇంత కోపం రాలేదు. రానురాను, ఎవరొస్తారోనని, తలుపేసిన ఇంట్లో కూడా కట్టె వదలడం మానేసింది.

ఏడాదికి చెకప్ కోసం ఖమ్మం వెళ్లారు. దవాఖానా వరండాలో చందర్ తల్లి చేతిలోని కట్టె తీసుకున్నాడు. "ఈడ మనల్నెరిగినోళ్లు ఎవరున్నరమ్మా. మంచిగ నడువు" అన్నాడు. ఆ మాట కోసం ఏడాదిగా కాచుకున్న మనిషి ఆమె. కుచ్చిళ్లు సర్దుకుని, తలెత్తి, డాక్టరమ్మ గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, మనిషిని చూసింది.

"నొప్పి ఉందా?"

"లేదమ్మా."

"ఎముకలన్నీ మంచిగ అతికినయి. మరి కుంటుతున్నవేంది?"

నాంచారమ్మ తెల్లబోయింది. తాను తిన్నగానే నడిచాననుకుంది.

"ఇంకోసారి నడువు."

నడిచింది. ఈసారి అడుగులు చూసుకుంటూ, పళ్లు బిగబట్టి నడిచింది. కుడి భుజం మళ్లీ వాలింది. చందర్ చేతిలో కట్టె పట్టుకుని గోడవైపు తిరిగాడు.