ముప్పై మూడున్నర అంగుళాలు

ఫిబ్రవరి 12, ఉదయం 9.20కి క్యాంపు చేరాను. గిద్దలూరు బస్టాండు నుంచి జీపులో 23 కిలోమీటర్లు; అందులో చివరి 8 కంకర దారి. నల్లమల అంచు. రెండు రేకుల షెడ్లు, ఒక నీళ్ల తొట్టి, ఇనుప నిచ్చెనతో నలభై అడుగుల టవర్. ఆకు రాలే కాలం మొదలైంది. చెట్ల కింద ఎండుటాకు మడమ లోతున ఉంది.

నేను సైన్యంలో 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. సరిహద్దు డ్యూటీల గురించి మార్కాపురంలో మా వీధివాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. నేను రాయదలచుకున్నది వాటి గురించి కాదు. నా అరవై ఒకటో ఏట, వేసవి మంటల కాపలాకు మాజీ సైనికులను తీసుకున్నప్పుడు, ఇంటికి నూరు కిలోమీటర్ల లోపే చేసిన 109 రోజుల డ్యూటీ గురించి. జ్ఞాపకం మీద నాకు నమ్మకం తక్కువ. ఆనాటి నోటు పుస్తకాన్ని ఎదురుగా పెట్టుకుని రాస్తున్నాను.

క్యాంపులో ఐదుగురం. సెక్షన్ ఆఫీసరు, వైర్‌లెస్ ఆపరేటరు, టవర్ మీద వాచరు, వంటమనిషి, నేను. నాకిచ్చిన సామాను: వైర్‌లెస్ సెట్టు ఒకటి, బైనాక్యులర్, కొడవలి, ఐదు లీటర్ల క్యాను, రెండు గోతాలు, ఒక మోటారు సైకిలు. నాకిచ్చిన ఆర్డరు: పడమటి బీటు, పోను 11 కిలోమీటర్లు, రాను 11, రోజుకు రెండుసార్లు.

మోటారు సైకిలు అడవి దారులకు చేసిన పొడవాటి బండి. సీటు ఎత్తు నేల నుంచి 33.5 అంగుళాలు. నా ఎత్తు ఐదడుగుల మూడు. నా కాలి పొడవు, తొడ మొదలు నుంచి మడమ వరకు, 28. తేడా ఐదున్నర. దీనికి తోడు, సర్వీసులో ట్రక్కు మీంచి పడ్డప్పుడు దెబ్బ తిన్న కుడి తుంటి. మోకాలు ముందుకు ముడుచుకుంటుంది గానీ కాలు వెనక్కి, పక్కకు లేవదు.

మొదటిరోజు అందరూ చూస్తుండగా ఎడమవైపు నిలబడి, సైన్యంలో నేర్పినట్లు, కుడికాలు వెనకనుంచి విసిరాను. బూటు సీటు వెనక కట్టిన క్యానుకు తగిలింది. బండి నా మీదికి ఒరిగింది. ఇద్దరం పడ్డాం.

"మిలిటరీ మామ బండెక్కుతాడనుకుంటే, బండే మామ మీద ఎక్కె గదరా!" అన్నాడు వంటమనిషి.

ఆఫీసరు నవ్వలేదు. "హవల్దార్ గారూ, పది రోజులు చూస్తాను. ఎక్కలేకపోతే గేటు దగ్గర రిజిస్టరు రాసుకోండి. పడమటి బీటు ఆపేస్తాను. నాకు వేరే మనిషి లేడు."

ఆ బీటు ఆగితే ఏమవుతుందో ఆపరేటరు మధ్యాహ్నం అన్నం దగ్గర చెప్పాడు. బీటు చివర, వాగుకు ఇవతల, అర్ధవీడు వైపు నుంచి మేతకు వచ్చిన ఒక గొర్రెల మంద ఉంది. అక్కడ ఏ ఫోనూ పలకదు. "వైర్‌లెస్సు మనకుండాది మామా, మందకు లేదు గదా. మంటొస్తే ఎవురో ఒకరు పోయి చెప్పాల. ఆ ఎవురో నువ్వే."

మరుసటిరోజు నుంచి ఎక్కడం మీద పని మొదలుపెట్టాను. సైడు స్టాండు వేసి, ఎడమ ఫుట్‌రెస్టు మీద కాలు మోపి, గుర్రం ఎక్కినట్లు పైకి లేచి ఎక్కాలి. కాని ఎండి పొడైన మట్టిలో స్టాండు దిగబడిపోతోంది. నేను పలకల ఊరివాణ్ణి. మా బావమరిది పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తాడు. అతనికి కబురు చేశాను. నాలుగోరోజు జీపులో పలకరాయి ముక్క వచ్చింది: ఆరంగుళాల చదరం, ముప్పావు అంగుళం మందం, ఒక మూల చిల్లు. బళ్లో చదివేటప్పుడు తుడుపుగుడ్డ కట్టుకోవడానికి పలకకు ఉండే చిల్లు లాంటిదే. దానికి తాడు కట్టి హ్యాండిలుకు ముడివేశాను. పలక నేల మీద వేయడం, దాని మీద స్టాండు దించడం, ఫుట్‌రెస్టు మీద లేవడం, కూర్చుని స్టాండు తన్నడం, తాడుతో పలకను పైకి లాగడం. మొత్తం 14 సెకన్లు. క్యాంపు ముందర, చదును నేల మీద, ముప్పైసార్లు చేసి చూశాను. ముప్పైసార్లూ నిలిచింది.

తొమ్మిదోరోజు ఆఫీసరు వాచీ చూసుకుని, "సరే" అన్నాడు.

ఫిబ్రవరి 23, మధ్యాహ్నం మంద దగ్గర ఆగాను. మంద కాపరి గొర్రెలను వాగుకు తోలుకుపోయాడు. ఆయన భార్య గొర్రెపిల్లల దొడ్డి దగ్గర ఉంది. వయసు యాభై దాటి ఉంటుంది. వారం, పది రోజుల పిల్లలు, పన్నెండు. అవి మందతో సమానంగా నడవలేవు గనక మేతకు పంపరు. వాటి చుట్టూ గుండ్రంగా ముళ్లకంప వేసి, కదలకుండా బరువుకు రాళ్లు పెడతారు. నక్కల భయం వల్ల పిల్లల దొడ్డికి దారి విడవరు. మనిషి లోపలికి పోవాలంటే కంప దాటాల్సిందే. ఆ కంపను కొలిచాను. ఎత్తు 34 అంగుళాలు. నా సీటు కంటే అర అంగుళం ఎక్కువ.

నేను పలక వేసి బండి ఎక్కబోతుంటే ఆమె చూసింది.

"ఏందన్నా, కాలికింద పీటేస్తుండావు? బండికేమన్నా పెండ్లా?"

"స్టాండు దిగబడకుండా అమ్మా."

"ఎక్కేది నువ్వా, స్టాండా?" అని నవ్వి, ఒక పిల్లను చంకనెత్తుకుని కంప దగ్గరికి పోయింది. "ఇట్ల జూడు. కాలు ఎనక్కి ఇసిరితే కోక కంపకు పడతాది. మోకాలు రొమ్ముకాడికి తెచ్చుకోవాల. ముందర పాదం దాటించాల. పాదం దాటినాక ఒళ్లు అదే వస్తాది." చెబుతూనే దాటింది. ఒక్క ముల్లు కూడా చీర అంచును తాకలేదు.

"నా కుడికాలు బాగాలేదు," అన్నాను.

"అయితే ఎడమకాలు దాటించు. ఆ పక్కనుంచి ఎక్కు."

"సైన్యంలో ఎడమవైపు నుంచే ఎక్కుతాం."

"కంపకు ఎడమేంది, కుడేంది?"

నేను పలక మీదే స్టాండు దించి బండి ఎక్కాను. పద్నాలుగు సెకన్ల పద్ధతి నాకుంది. ముప్పైకి ముప్పైసార్లు నిలిచిన లెక్క నాకుంది. ఆ రోజు పుస్తకంలో ఇలా ఉంది: 'మంద క్షేమం. పిల్లలు 12. కంప 34 అంగుళాలు.' ఆమె చెప్పిన పద్ధతి రాయలేదు.

మార్చి 9. క్యాంపు షెడ్డులో వేడి 41 డిగ్రీలు. గాలి ఉత్తరం నుంచి, నిలకడగా. 13.40కి బీటులో ఏడో కిలోమీటరు దగ్గర, వాలు మీద ఆగాను. లోయ చూడడానికి దిగాను. దిగేటప్పుడు పలక నిలిచింది.

13.44కి సెట్టు పలికింది.

"క్యాంపు, క్యాంపు, టవర్. పడమటి గట్టు అవతల పొగ. నల్లగా లేస్తోంది. ఓవర్."

"టవర్, ఎటు పోతోంది? ఓవర్."

"వాగు వైపు. మంద వైపే. ఓవర్."

ఆపరేటరు గొంతు మారింది. "మామా, ఎక్కడుండావు?"

"ఏడో కిలోమీటరు. మందకు నాలుగు."

"మనోళ్లు గంటకు గానీ రాలేరు. నువ్వే పోవాల. గట్టు అడ్డముండాది, ఆ యమ్మకు పొగ కనపడదు. ఓవర్."

పలక సరిచూసి, ఫుట్‌రెస్టు మీద లేచాను. నా బరువు మొత్తం స్టాండు మీద పడింది. పలక కింద ఎండుటాకు. ఆకు కింద నున్నటి బండ. వాలు ఎడమకు. పలక జారింది. బండి పల్లానికి పడింది, నేను దాని అవతల పడ్డాను. పలక నిలువునా రెండు ముక్కలైంది. అప్పుడు టైము 13.46.

బండి బరువు 150 కిలోలు. వాలులో పడ్డ బండిని లేపాలంటే దానికి వీపు ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక్కి నెట్టుకుంటూ లేవాలి. మొదటిసారి తుంటి పట్టేసింది. రెండోసారి బండి సగం లేచి మళ్లీ పడింది. మూడోసారి లేచింది. 13.50. నాలుగు నిమిషాలు. ఈలోగా గట్టు మీద పొగ రంగు మారింది. గాలిలో బూడిద నా చొక్కా మీద వాలుతోంది.

స్టాండు వేయడానికి ఆధారం లేదు. ఎడమవైపు పల్లం, అటునుంచి సీటు నా రొమ్ముకు వస్తోంది. బండిని పట్టుకునే ముందునుంచి చుట్టి కుడివైపుకు వచ్చాను. అటు మిట్ట. సీటు ఎత్తు ఒక్కసారిగా తగ్గింది. గేరు వేశాను. ముందు బ్రేకు బిగించాను. బండిని నా తొడకు ఒరిగించుకున్నాను. బండి అటు తూలిందంటే మళ్లీ నాలుగు నిమిషాలు.

ఎడమ మోకాలు రొమ్ముకు తెచ్చుకున్నాను. పాదం ముందు దాటించాను. ఒళ్లు అదే వచ్చింది.

ఎన్ని సెకన్లు పట్టిందో పుస్తకంలో లేదు. అప్పుడు వాచీ చూడలేదు. 24 ఏళ్ల సర్వీసులోనూ తర్వాతా నేను కుడివైపు నుంచి బండి ఎక్కడం అదే మొదటిసారి.

14.03కి దొడ్డి చేరాను. ఆమె చెట్టు నీడలో కూర్చుని తాడు పేనుతోంది.

"లేమ్మా! మంట! గట్టు దాటుతోంది."

ఆమె తలెత్తి గట్టు వైపు చూసింది. అప్పటికి అంచు మీద ఎర్రటి గీత కనబడుతోంది. ఆమె అరవలేదు. "పెద్దవన్నీ వాగులో ఉండాయి. పిల్లలే," అని ఒక్క అడుగులో కంప దాటి లోపలికి పోయింది.

వాగు ఇసుక అక్కడికి అర కిలోమీటరు. ఇసుకలోకి మంట రాదు. ఆమె లోపలినుంచి పిల్లలను అందించింది. నేను నా రెండు గోతాల్లో రెండేసి వేసి, మూతులు బయటికి ఉండేట్లు కట్టి, సీటుకు ఇరువైపులా వేలాడదీశాను. నాలుగు పిల్లలు. కుడివైపు నుంచి ఎక్కాను. వాగులో ఆమె పెనిమిటికి అందించాను. తిరిగి వచ్చాను. పోను, రాను, ఎక్కించడం, దించడం అన్నీ కలిపి నాలుగు నిమిషాలు.

"ఇంకో నాలుగు!"

"ఎయ్యమ్మా, ఎయ్యి!"

"కట్టేటప్పుడు గొంతు బిగించొద్దన్నా, సచ్చిపోతాయి!"

రెండో విడత కూడా నాలుగే నిమిషాలు. 14.11కి మూడోసారి దొడ్డి దగ్గరికి వచ్చాను. మంట నాకంటే ముందే వచ్చింది.

ఎండు కంప పెట్రోలులా అంటుకుంటుంది. గట్టు వైపు సగం వలయం మండుతోంది. పొగలో ఆమె ఎక్కడుందో ముందు కనబడలేదు. తర్వాత ఒక పిల్లను రొమ్ముకు అదుముకుని కంప మీదుగా వచ్చింది. మోకాలు, పాదం, ఒళ్లు. అదే వరుస. పిల్లను నా ఒళ్లో పడేసి వెనక్కి తిరిగింది. లోపల ఇంకా మూడున్నాయి. అరుస్తున్నాయి.

"వద్దమ్మా!" అన్నాను.

ఆమె మోకాలు రొమ్ముకు తెచ్చుకుంది. పాదం కంప మీదికి లేచింది. అప్పుడు మంట వలయం చుట్టూ పాకి ఆమె ముందున్న కంపను అంటుకుంది. ఆమె పాదం అలాగే గాలిలో నిలబడింది. తర్వాత మెల్లగా దించి, లేచిన చోటే నేల మీద పెట్టింది.

మేం వాగు చేరినప్పుడు 14.16. ఆమె నా వెనక ఎక్కింది. నా ఒళ్లోని పిల్లను చంకనెత్తుకుని, ఒక్క కదలికలో, ఎక్కింది.

15.05కి మనవాళ్లు వచ్చారు. పచ్చి కొమ్మలతో కొట్టి, మంట దాటకుండా అడ్డంగా గీత నరికి, 17.35కి మంటను ఆపారు. పెద్ద గొర్రెలకు నష్టం లేదు. మనుషులకు నష్టం లేదు. పిల్లలు పన్నెండింటిలో తొమ్మిది.

రిపోర్టు నేనే రాశాను. 13.46 నుంచి 13.50 వరకు బండి పడి ఉంది అని, కారణం పలక అని రాశాను. ఆఫీసరు ఆ వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇది అవసరమా, హవల్దార్ గారూ? మీరు బాగా చేశారు. దీన్ని ఎవరూ అడగరు."

"ఒక విడతకు నాలుగు నిమిషాలు సార్. ఒక విడతకు నాలుగు పిల్లలు. మిగిలినవి మూడు."

ఆయన ఆ వాక్యం కొట్టివేయకుండానే సంతకం పెట్టాడు.

మూడోరోజు మంద దగ్గరికి పోయాను. ఆ లెక్క ఆమెకు చెప్పాలని పోయాను. చెప్పాను. ఆమె కాలిన నేల మీద కొత్త కంప పరుస్తోంది. పని ఆపలేదు.

"పలక పగిలిందాన్నా?"

"పగిలింది."

"పోనీలే. తొమ్మిదైతే ఉండాయి గదా. నువ్వు రాకుంటే అవీ లేవు." కొంతసేపు కంప సర్ది, నా వైపు చూడకుండా అంది: "ఆ మూడింటి తల్లులే, రెండు దినాలు ఈడికొచ్చి అరిసినాయి."

మిగిలిన రోజులు బీటు తిరిగాను. రోజుకు రెండుసార్లు, కుడివైపు నుంచి ఎక్కి. కొత్త పలక తెప్పించలేదు. మే 31, 16.00కి సామాను అప్పగించి సంతకం తీసుకున్నాను. రాత్రికి మార్కాపురం చేరాను.

పలక ముక్కలు రెండూ నా దగ్గరే ఉన్నాయి. బావమరిది వాటిని చూసి, ఇంకో పలక కోసిస్తాను, ఈ రాయి మంచిది కాదు అన్నాడు. రాయి మంచిదే అన్నాను.

ఇప్పుడు నా స్కూటరు సీటు 29 అంగుళాలు. ఎవరైనా ఎక్కగలరు. దాన్ని కూడా కుడివైపు నుంచే ఎక్కుతాను. వీధివాళ్లు మొదట్లో నవ్వేవాళ్లు. ఎడమ మోకాలు రొమ్ము దాకా తెచ్చుకున్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతుంది. తుంటి వల్ల కాదు. ముందు పొగ కనబడుతుంది. పొగలో ఒక పాదం, కంపకు జానెడు పైన. దాటడానికి లేచింది. దాటలేదు. మెల్లగా కిందికి దిగుతోంది.